చుక్క పెట్టని అంకె

జెడ్ యాభై అని కొట్టాను.
చుక్క పెట్టలేదు.

పర్లాకిమిడి ఐటీఐ, కొత్త షెడ్డు,
ఆషాఢంలో ఓ శుక్రవారం, పదకొండున్నర.
రేకుల మీద వాన ఎంత గట్టిగా పడుతోందంటే
కూలెంట్ కారే చప్పుడు కూడా అందులోనే కలిసిపోయింది.

మనకి యాభై అంటే యాభై మిల్లీమీటర్లు.
చుక్క లేని యాభై మా మిషనుకి
యాభై మైక్రాన్లు.
మూడు వేళ్ళ ఎత్తు లేవాల్సిన కట్టరు
వెంట్రుక మందమైనా లేవకుండా
అడ్డంగా పరిగెత్తింది, ఉక్కు క్లాంపు మీదికి.

ఆ చప్పుడు గురించి రాయను.

ఎర్ర బటను నొక్కింది ఎలియాజర్ రయితా.
నా చెయ్యి అక్కడే ఉంది, బటనుకి జానెడు దూరంలో,
ఎవరిదో చెయ్యిలా.

సుబుద్ధి సారు తిట్టేది ఒడియాలో,
లెక్క చెప్పేది తెలుగులో.
ఆ రోజు తెలుగే మాట్లాడారు. అందుకే భయమేసింది.
"కార్బైడ్ కట్టరు, మూడు వేల ఎనిమిది వందలు.
స్పిండిల్ బతికింది."
తలుపు తీసి, రజనులో వెతికి,
విరిగిన మొన నా అరచేతిలో పెట్టారు.
ఇంకా వెచ్చగా ఉంది.

మా గోడ మీద ఒక చార్టుంది:
ఆపరేటరు, బాణం, సెట్టరు, బాణం, ప్రోగ్రామరు,
ఆపైన టై కట్టుకున్న బొమ్మ.
రెండో బాణం మీద ఎప్పుడూ ఒక బల్లి.
దాన్నే చూస్తూ కూర్చున్నాను సాయంత్రం దాకా.
పుణే వెళ్ళిన సీనియర్లు ఫోన్లు చేస్తారు,
పన్నెండు గంటల షిఫ్టు, గదికి ఆరుగురు,
కానీ ఐదు యాక్సిస్‌ల మిషనట,
దిమ్మని వంచి, తిప్పి, ఒక్క పట్టుతో ఐదు వైపులా చెక్కేస్తుందట.
ఏది ఫిర్యాదో ఏది గొప్పో
వాళ్ళ గొంతుని బట్టి తెలీదు.

ఇంట్లో అమ్మకి చూపించాను.
అమ్మది వంతెన అవతల, పాతపట్నం వైపు
జీడి బట్టీలో పని. పదహారేళ్ళు.
పప్పు గుడ్డుగా వస్తే ఒక రేటు, బద్దయితే ఒకటి,
ముక్కయితే మాట్లాడుకోనక్కర్లేదు.
మొనని ట్యూబులైటు కింద తిప్పి తిప్పి చూసింది.
"ఇది దానంతటది ఇరగలేదే గుంటా. నువ్వు తోసీసినావు."
కాసేపాగి,
"తిన్నావేటి?"

సోమవారం హామీపత్రం మీద అమ్మ వేలిముద్ర కావాలన్నారు.
పూటకూలి వదులుకుని వచ్చింది.
బొటనవేలు సిరాకి అద్ది నొక్కింది.
జీడినూనె ఎప్పుడో తినేసిన వేలు.
గీతలు లేవు.
కాగితం మీద గుండ్రంగా, నున్నగా
ఒక నల్లటి చుక్క.

ఇది ముద్ర కాదన్నాడు గుమస్తా.
"రేషను కొట్టుకాడా ఇంతే బాబూ" అంది,
తప్పు తనదైనట్టు.
సుబుద్ధి సారు నుదుటి మీది కళ్ళద్దాలు దించి
ఆ చుక్కని చాలాసేపు చూశారు.
పక్కన సంతకం చేసేశారు. ఏమీ అనలేదు.

వెళ్ళేముందు షెడ్డులోకి తొంగి చూసింది అమ్మ.
"ఇందల నీదేదే?"
ఆ అద్దం తలుపున్నది అన్నాను.
"లోపల దీపమెట్టీసినారు!"
ఇంతకీ ఎంత తేడా వస్తే పాడవుతాదని అడిగింది.
పన్నెండు మైక్రాన్లన్నాను.
ఎంతో చూపించమంది.
చూపుడువేలూ బొటనవేలూ దగ్గరికి తెచ్చాను,
ఇంకా దగ్గరికి,
అంటుకుపోయాయి.
"అంతేనా" అని నవ్వి
మధ్యాన్నం పూటకైనా అందుకోవాలని
వంతెన వైపు గబగబా నడిచింది.

ఎనిమిదో లైను.
జెడ్ యాభై, చుక్క. పైకే చదువుతాను.
ఎలియాజర్ నవ్వుతాడు.
తర్వాత తన లైన్లు తనూ పైకే చదువుకుంటాడు,
సవర మాటలో చుక్కని ఏమంటారో, అదే అంటూ.

జేబులో మొన తొడకి గుచ్చుకుంటోంది.
పచ్చ బటను.